యేసు ఒక్కడే రక్షణ మార్గమైతే, క్రైస్తవురాలు కాకుండానే కన్నుమూసిన మా నాయనమ్మ సంగతి ఏమిటి?

అమ్మా, మీరు రాసినదాని సారాంశం ఇది. మీ నాన్నగారు యౌవనంలో బాప్తిస్మం తీసుకున్నారు. మీ నాయనమ్మగారు మాత్రం చివరి వరకు హిందువుగానే జీవించారు. రోజూ తులసికోట దగ్గర దీపం పెట్టుకున్నారు, ఇంటికి వచ్చినవాళ్ళను అన్నం పెట్టకుండా పంపలేదు, కొడుకు క్రైస్తవుడయినందుకు ఒక్కనాడూ అతన్ని దూరం పెట్టలేదు. ఆవిడ పోయిన తరువాత మీ ఇంట్లో జరిగిన ఆదరణ కూడికలో వాక్యం చెప్పడానికి వచ్చిన ఒక బోధకుడు, ఆమె రక్షణ లేకుండా పోయింది కాబట్టి నరకంలో ఉందని అందరి ముందూ అన్నాడు. ఆ రోజు నుంచి మీ నాన్నగారు ఆరాధనకు వెళ్ళడం మానేశారు. యేసు ఒక్కడే రక్షణ మార్గమని నమ్మేవాళ్ళు ఈ మాట కూడా నమ్మి తీరాలా అని మీరు అడుగుతున్నారు.

నమ్మనక్కర లేదు. యేసుక్రీస్తు తప్ప వేరే రక్షకుడు లేడన్నది సంఘం మొదటి నుంచి ఒప్పుకుంటూ వస్తున్న విశ్వాసం, అందులో ఒక్క అక్షరం తగ్గించమని నేను చెప్పను. కాని చనిపోయిన ఫలానా మనిషి ఫలానా చోట ఉందని ప్రకటించడం ఆ విశ్వాసంలో భాగం కాదు. మనం ఆదివారం చెప్పుకునే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి వచ్చేవాడు క్రీస్తు. ఆ పని ఇంకెవరికీ అప్పగించినట్టు అందులో లేదు. సంఘ పరిచర్యలోనూ, వేదాంత విద్యార్థులకు పాఠాలు చెప్పడంలోనూ చాలా ఏళ్ళు గడిపిన నేను ఈ రెండు మాటలనూ వేరు చేయకపోవడం వల్ల ఎన్ని ఇళ్ళు గాయపడ్డాయో చూశాను కాబట్టి కొంచెం విపులంగానే రాస్తున్నాను.

ముందు లేఖనం ఏమంటున్నదో చూడాలి. యోహాను సువార్త 14వ అధ్యాయంలో, "నేనే మార్గమును, సత్యమును, జీవమును, నా ద్వారానే తప్ప యెవడును తండ్రియొద్దకు రాడు" అని యేసు అన్న సందర్భం చివరి రాత్రి భోజనం. ఎదురుగా ఉన్నది అన్యమతస్థులు కారు. మరునాడు తమ గురువును సిలువ వేస్తారని తెలియక, ఆయన వెళ్ళిపోతానంటుంటే భయపడుతున్న సొంత శిష్యులు. "మీ హృదయమును కలవరపడనియ్యకుడి" అని ఆ అధ్యాయం మొదలవుతుంది. తోమా దారి తెలియదని బెంగపడితే, ఆ బెంగకు జవాబుగా పలికిన మాట ఇది. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో "మరి ఎవనివలనను రక్షణ కలుగదు" అని పేతురు చెప్పినది కూడా దేవాలయ ద్వారం దగ్గర కుంటివాడు నడిచినందుకు తనను విచారణకు నిలబెట్టిన సొంత మత పెద్దల ముందే. ఈ సందర్భాలను గుర్తుచేయడంలో నా ఉద్దేశం వాక్యాల పదును తగ్గించడం కాదు. "యెవడును" అంటే ఎవడూ అనే అర్థం. ఓదార్పుగా వచ్చిన ఆ మాటను దుఃఖంలో ఉన్న ఇంటి మీదికి శిక్షగా విసరడం మాత్రం దాన్ని వాడవలసిన తీరు కాదు.

క్రైస్తవులు ఇంత గట్టిగా "ఒక్కడే" అని ఎందుకు అంటారో కూడా చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్ళకే కాదు, మన సంఘాలలో పెరిగిన పిల్లలకు కూడా ఇది సరిగా అందడం లేదు. యేసు మిగతా గురువుల కంటే గొప్ప నీతిబోధకుడు కాబట్టి ఆయన ఒక్కడే అని సంఘం అనలేదు. మనిషికీ దేవునికీ మధ్య తెగిపోయిన సంబంధాన్ని మనిషి తన వైపు నుంచి అతికించలేడని, దేవుడే మనిషియై వచ్చి సిలువ మీద ఆ ఎడబాటును తన మీద వేసుకున్నాడని, మూడవ నాడు లేచి మరణాన్ని ఓడించాడని సంఘం నమ్ముతుంది. అది ఒక్కసారి జరిగిన పని. పౌలు తిమోతికి రాస్తూ "దేవుడొక్కడే, దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే" అన్నాడు. దాని ముందు వాక్యంలోనే, మనుష్యులందరు రక్షణ పొందాలని దేవుడు ఇచ్ఛయిస్తున్నాడని కూడా అన్నాడు. మధ్యవర్తి ఒక్కడే అన్న మాటనూ, దేవుడు అందరినీ కోరుకుంటున్నాడన్న మాటనూ పౌలు ఒకే ఊపిరిలో చెప్పాడు. మన ప్రసంగాలలో చాలాసార్లు మొదటిది మిగిలి రెండవది జారిపోతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు కీలకమైన చోటికి వస్తాను. రక్షించేవాడు ఎవరు అన్నది ఒక ప్రశ్న. రక్షింపబడడానికి ఆయనను గురించి ఎంత తెలిసి ఉండాలి అన్నది మరొక ప్రశ్న. అబ్రాహాము యేసు పేరు ఎరుగడు. యెరికోలో గూఢచారులను దాచిన రాహాబు ఎరుగదు. ఊజు దేశపు యోబు ఇశ్రాయేలీయుడు కూడా కాడు. అయినా హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం అబ్రాహామునూ రాహాబునూ విశ్వాసుల వరుసలో నిలబెట్టింది, వారు వాగ్దాన ఫలాన్ని అనుభవింపక దూరం నుంచి చూసి వందనం చేశారని చెప్పింది. వాళ్ళు క్రీస్తు లేకుండా రక్షింపబడ్డారని ఏ సంఘమూ చెప్పదు. రాబోయే క్రీస్తు సిలువ వల్లనే రక్షింపబడ్డారని అందరూ చెబుతారు. అంటే ఆయన పేరు తెలియని మనిషికి కూడా ఆయన చేసిన పని వర్తించగలదని మనం ఇప్పటికే ఒప్పుకున్నాం. పుట్టిన గంటకే చనిపోయిన పసిబిడ్డ విషయంలోనూ మనలో దాదాపు అందరం అదే నమ్ముతాం. ఆ బిడ్డ ఏ ఒప్పుకోలూ చేయలేదు.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. అబ్రాహాముకు దేవుడు స్వయంగా వాగ్దానం ఇచ్చాడు, అతడు ఆ వాగ్దానాన్ని నమ్మాడు; వాగ్దానమే చేరనివారిని అతనితో పోల్చవచ్చా? పోల్చలేమనేవారు రోమా పత్రిక 10వ అధ్యాయం చూపిస్తారు: "విననివానిని ఎట్లు విశ్వసించుదురు?" యోహాను 3వ అధ్యాయంలో, విశ్వసింపనివానికి ఇంతకుముందే తీర్పు తీర్చబడిందన్న మాట చూపిస్తారు. ఈ పక్షాన్ని నమ్మేవారిలో నాకు తెలిసిన చాలామంది కఠిన హృదయులు కారు. ఆ నమ్మకమే వారిని జ్వరాలూ దూరాలూ లెక్కచేయకుండా ఊరూరా తిప్పింది. వారి వాదాన్ని తీసిపారేయడం న్యాయం కాదు. కాని అదే పౌలు అదే పత్రిక 2వ అధ్యాయంలో, యూదులకు దేవుడిచ్చిన ధర్మశాస్త్రం లేని అన్యజనుల హృదయాల మీద ధర్మశాస్త్ర సారం రాయబడి ఉందనీ, వారి మనస్సాక్షి సాక్ష్యమిస్తుందనీ, ఆ తలంపులు ఒకదానిమీద ఒకటి తప్పు మోపుతాయి లేక తప్పులేదని చెబుతాయి అనీ రాశాడు. రెండవ సగం కూడా లేఖనమే. కైసరయలో అన్యుడైన రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట్లో పేతురు "దేవుడు పక్షపాతి కాడని నిజముగా గ్రహించియున్నాను" అన్నాడు. అయితే అంతటితో ఆగక కొర్నేలీకి సువార్త చెప్పాడు, బాప్తిస్మం ఇవ్వమన్నాడు. అతని ప్రార్థనలూ ధర్మకార్యాలూ అప్పటికే దేవుని సన్నిధికి చేరాయని దూత చెప్పినా, సువార్త అనవసరమని పేతురు అనుకోలేదు. ఆ కథలోని ఈ రెండు భాగాలనూ విడదీయకూడదు.

సంఘ చరిత్రలో ఈ ప్రశ్న కొత్తది కాదు. 2వ శతాబ్దంలో హతసాక్షి యుస్తీను, క్రీస్తు దేవుని వాక్యం కాబట్టి ఆ వాక్యం ప్రకారం జీవించిన సోక్రటీసు లాంటివారిని కూడా క్రైస్తవులనే అనవచ్చని రాశాడు. 3వ శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియను "సంఘానికి వెలుపల రక్షణ లేదు" అన్నాడు. ఆ మాట అప్పటికి సంఘాన్ని చీల్చుకుని పోతున్నవారిని ఉద్దేశించినది. తరువాతి శతాబ్దాలలో అదే మాట ప్రపంచం మొత్తానికీ తీర్పుగా మారి, 1442లో ఫ్లోరెన్సు మహాసభ శాసనంలో అత్యంత కఠినమైన రూపం తీసుకుంది. సంఘంలో చేరకుండా చనిపోయే అన్యులు, యూదులు, చీలిపోయినవారు అందరూ నిత్యాగ్నికి పోతారని అది ప్రకటించింది.

ఆ బోధను వెంటబెట్టుకుని కతోలిక మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ 1549లో జపాన్‌లో అడుగుపెట్టాడు. అక్కడ జరిగినది మీ ఇంట్లో జరిగినదానికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. 1552 జనవరిలో కొచ్చిన్ నుంచి రాసిన లేఖలో ఆయన జపాను క్రైస్తవుల దుఃఖాన్ని గురించి చెప్పాడు. నరకానికి వెళ్ళినవారికి విముక్తి లేదని ఆయన చెప్పినప్పుడు, చనిపోయిన తల్లిదండ్రుల కోసం, భార్యల కోసం, బిడ్డల కోసం వారు ఏడ్చారు. దానధర్మాలతో, ప్రార్థనలతో వారికి ఏమైనా మేలు చేయవచ్చా అని అడిగారు. ఏమీ చేయలేమని ఆయన జవాబిచ్చాడు. తన ప్రియమైన మిత్రులు తీరని విషయానికి ఏడుస్తుంటే చూడడం తనకూ బాధగా ఉందని ఆయనే ఒప్పుకున్నాడు. అదే లేఖలో మరొక సంగతి ఉంది. జపానులోని యమగుచి పట్టణంలో జనం, దేవుడు అంత మంచివాడైతే ఇంతకాలం మా దేశానికి తనను ఎందుకు తెలియజేయలేదని నిలదీశారు. చంపడం, దొంగిలించడం తప్పని ఎవరూ నేర్పకముందే మీకు తెలుసు, దేవుని ధర్మం మీ హృదయాల్లో ముందే ఉంది అని జేవియర్ జవాబు చెప్పాడు. ఆ రెండు జవాబులనూ ఆయన పక్కపక్కన పెట్టి చూసి ఉంటే బాగుండేదని ఈ లేఖను పాఠంగా చెప్పిన ప్రతిసారీ నాకు అనిపించింది. దేవుడు ఆ ప్రజల హృదయాలతో ముందునుంచే మాట్లాడుతున్నాడన్నది నిజమైతే, వారి తల్లిదండ్రులు ఆ స్వరానికి ఏమని బదులిచ్చారో జేవియరుకు ఎలా తెలుస్తుంది?

ప్రొటెస్టెంటు వైపు కూడా అందరిదీ ఒక్క మాట కాదు. జ్యూరిచ్ సంస్కర్త జ్వింగ్లీ 1531లో ఫ్రాన్సు రాజుకు రాసిన విశ్వాస వివరణలో పరలోకంలో సోక్రటీసును కూడా చూస్తావని రాశాడు. అది చదివి లూథరు మండిపడ్డాడు. 1640లలో ఇంగ్లండులో రూపొందిన వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం, క్రైస్తవ విశ్వాసాన్ని ఒప్పుకోనివారు తమకున్న వెలుగు ప్రకారం ఎంత శ్రద్ధగా బ్రతికినా వేరే మార్గాన రక్షింపబడలేరని చెప్పింది. దానికి సరిగ్గా ముందు పేరాలోనే, పసిబిడ్డలతో పాటు వాక్యపు పిలుపును బయటినుంచి అందుకోలేని ఇతర ఏర్పరచబడినవారు, అంటే దేవుడు రక్షణకు ఎన్నుకున్నవారు, కూడా క్రీస్తు వలన, ఆత్మ ద్వారా రక్షింపబడతారని చెప్పింది. అంత కఠినమైన ప్రమాణం కూడా ఆ తలుపు పూర్తిగా మూయలేదు. కతోలిక సంఘం 1964లో రెండవ వాటికన్ మహాసభలో, తమ తప్పు లేకుండా క్రీస్తు సువార్తను ఎరుగనివారు నిష్కపటంగా దేవుని వెదకుతూ, మనస్సాక్షి చూపిన మేరకు ఆయన చిత్తాన్ని చేయడానికి ప్రయాసపడితే, కృప వలన నిత్యరక్షణ పొందగలరని స్పష్టంగా చెప్పింది. 2000లో రోము వెలువరించిన ప్రకటన క్రీస్తు ఒక్కడే రక్షకుడన్నదాన్ని మళ్ళీ నొక్కి చెప్పింది. ఈ రెండూ ఒకదాన్ని ఒకటి కొట్టివేయవు.

"అన్ని మార్గాలూ ఒక్కచోటికే" అనే సమాధానం మీకు చాలామంది చెప్పి ఉంటారు, అది చెప్పేవాళ్ళ సదుద్దేశాన్ని నేను శంకించను. అయితే అది కొత్త నిబంధన చెప్పే మాట కాదు. సిలువ లేకపోయినా సరిపోయేదని అంటే గెత్సేమనే తోటలో యేసు "సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అని వేడుకున్న ప్రార్థనకు అర్థం ఉండదు. మోక్షం, రక్షణ, నిర్వాణం వేరువేరు గమ్యాలను చూపుతున్నప్పుడు, వాటన్నిటినీ ఒకటేనని కలిపేయడం వాటిలో దేన్ని మనసారా నమ్మినవారికీ గౌరవం చేసినట్టు కాదు. మీ నాయనమ్మగారిని తనకు తెలియకుండానే క్రైస్తవురాలయిన మనిషిగా లెక్కవేసే వాదం కూడా 20వ శతాబ్దపు వేదాంతులలో ప్రసిద్ధమైనదే. దాని వెనుక ఉన్న ఆర్తిని గౌరవిస్తాను గాని, నాకు అది రుచించదు. ఆవిడ తాను ఎవరో ఎరిగి బ్రతికారు. ఆవిడకు మనం ఇంకొక పేరు తగిలించనక్కర లేదు.

ఇక అందరికంటే కష్టమైన సంగతి. మీ నాయనమ్మగారు అసలు విననివారు కారు. కొడుకు క్రైస్తవుడు, ఇంట్లో ప్రార్థన జరిగేది. "విన్నది, ఒప్పుకోలేదు, కాబట్టి తిరస్కరించింది" అన్నదే ఆ బోధకుడి లెక్క అయి ఉంటుంది. తిరస్కారాన్ని లేఖనం తేలికగా తీసుకోదు, నేనూ తీసుకోను. కాని వినడమంటే ఏమిటి? మీ కుటుంబ నేపథ్యం నాకు తెలియదు. మన పల్లెటూళ్ళలో మాత్రం సువార్త చాలా ఇళ్ళకు కులం గోడల మీదుగా వచ్చిన మైకు శబ్దంగానో, తమ దేవుళ్ళ మీద విసిరిన నిందగానో, బిడ్డ తమకు దూరమవుతాడేమోనన్న భయంగానో చేరింది. అలా చేరినదాన్ని కాదన్న మనిషి క్రీస్తును కాదన్నట్టా, మనం క్రీస్తు ముందు నిలబెట్టిన అడ్డును కాదన్నట్టా? ఒక తల్లి కొడుకు ప్రార్థనను ఎంత విన్నది, రాత్రివేళ ఒంటరిగా దేవునితో ఏమన్నది, చివరి ఊపిరికి ముందు ఆమె హృదయంలో ఏమి జరిగింది అన్నవి ఎవరి కంటికీ కనబడవు. సిలువ మీద దొంగ చివరి గంటలో పలికిన మాట మనకు తెలిసిందంటే పక్కనే విన్నవారున్నారు కాబట్టి. "సమయము రాకమునుపు, అనగా ప్రభువు వచ్చువరకు, దేనినిగూర్చియు తీర్పు తీర్చకుడి" అని పౌలు కొరింథీయులకు రాసిన ఆజ్ఞ బోధకులకు కూడా వర్తిస్తుంది.

అందుకే ఆవిడ పరలోకంలో ఉందని కూడా నేను మీకు హామీ ఇవ్వడం లేదు. ఆ బోధకుడికి లేని అధికారం నాకూ లేదు. తీర్పు తీర్చేవాడు సిలువ మీద చేతులు చాపినవాడే అన్నది నాకు తెలుసు. సొదొమ కోసం వేడుకుంటూ అబ్రాహాము అడిగిన ప్రశ్న, "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అన్నది, మీరు కూడా ధైర్యంగా అడగవచ్చు, దేవుడు దానికి కోపగించుకోలేదు. ఆ న్యాయం మీద, ఆ కనికరం మీద నాకు ఆశ ఉంది. ఆశ అనే మాటకంటే ఎక్కువ చెప్పను.

అలాగైతే సువార్త ప్రకటించడం ఎందుకు అని మీ స్నేహితులు అడిగారని రాశారు. లూకా 13వ అధ్యాయంలో ఒకడు "ప్రభువా, రక్షణ పొందువారు కొద్దిమందేనా?" అని లెక్క అడిగితే, యేసు లెక్క చెప్పలేదు, ఇరుకు ద్వారాన ప్రవేశించడానికి పోరాడమని అడిగినవారికే చెప్పాడు. ఆ వెంటనే, తూర్పునుంచీ పడమటినుంచీ ఉత్తరంనుంచీ దక్షిణంనుంచీ వచ్చి దేవుని రాజ్యంలో కూర్చుండేవారిని గురించి చెప్పాడు. విన్న మనకు ప్రశ్న మన గురించే. పాపక్షమాపణ దొరికిందన్న నిశ్చయం, మరణానికి భయపడనక్కర లేదన్న ధైర్యం, ఊరి చివర నిలబడిన మనిషి దేవుని ఎదుట తల ఎత్తుకోగలగడం ఇప్పుడే, ఈ బ్రతుకులోనే దొరికేవి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నప్పుడు వారిలో ప్రతి ఒక్కరికీ సువార్త వినకుండా పోయిన అవ్వలూ తాతలూ ఉన్నారు. తెలుగు క్రైస్తవులలో కాస్త వెనక్కి వెళితే ఈ ప్రశ్న లేని ఇల్లు దాదాపు ఉండదు. వారిని మరచిపొమ్మనో, అసహ్యించుకొమ్మనో సువార్త వారికి చెప్పలేదు. తండ్రినీ తల్లినీ సన్మానించమన్న ఆజ్ఞలో క్రైస్తవులైన తల్లిదండ్రులను మాత్రమే అన్న షరతు లేదు.

మీ నాన్నగారి విషయంలో కొన్ని మాటలు. ఆయనతో వాదం పెట్టుకోవద్దు. ఆయన కోపం దేవుని మీదనా, ఆ బోధకుడి మీదనా, లేక అమ్మకు తాను సరిగా చెప్పలేకపోయానన్న బాధనా అన్నది ఆయన నోటినుంచే రానివ్వండి. మూడవదే అయితే దానికి వాదం పనికిరాదు, పక్కన కూర్చోవడం పనికివస్తుంది. మీ సంఘ కాపరి ఆ రోజు కూడికలో ఉన్నట్టయితే, ఆ మాట సంఘం బోధ కాదని ఆయనే మీ ఇంటికి వచ్చి చెప్పడం మంచిది. వెళ్ళి అడగండి, అడగడం అగౌరవం కాదు. చనిపోయినవారి కోసం ప్రార్థించవచ్చా అన్నదానిలో సంఘాలు ఏకీభవించవు; కతోలికులూ ఆర్థడాక్సులూ చేస్తారు, ప్రొటెస్టెంటు సంఘాలు ఎక్కువగా చేయవు. ఆవిడ జీవితం కోసం దేవునికి కృతజ్ఞత చెప్పడానికి మాత్రం ఏ సంఘంలోనూ అడ్డు లేదు. ఆవిడ పెట్టిన అన్నం, కొడుకును వదులుకోని ఆ ప్రేమ దేవుని దగ్గర నుంచి వచ్చినవేనని మీ నాన్నగారి ఎదుట ప్రార్థనలో చెప్పండి.

మీ మేనత్తలు సంవత్సరీకానికి పిలిచారని, వెళ్ళాలా వద్దా అని కూడా అడిగారు. వెళ్ళండి. పిండప్రదానంలో పాల్గొనడం మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే ఆ సంగతి ముందే మర్యాదగా చెప్పండి, మిగతా పనుల్లో చేయి వేయండి. మేము నరకానికి పోతామనేగా మీ నమ్మకం అని వాళ్ళలో ఎవరైనా అడిగితే, ఆ తీర్పు నా చేతుల్లో లేదు అత్తా, యేసు నా కోసం ఏం చేశాడో మాత్రం చెప్పగలను, మీకు వినాలని ఉంటే చెబుతాను అనండి. వినాలని లేదంటే అక్కడితో ఆపి, వాళ్ళతో కలిసి కూర్చుని నాయనమ్మ గురించి మాట్లాడుకోండి.